శోధన మీద మూడు రోజులు: ఒక శ్రమకాల ధ్యాన శిబిరంపై సమీక్ష

ఈస్టరుకు ముందు వచ్చే శ్రమకాలం మొదలైందంటే తెలుగు క్రైస్తవ సంఘాల్లో ఉపవాస కూడికలకూ సిలువ ధ్యానాలకూ కొదవ ఉండదు. కానీ శోధన, అంటే పాపంలోకి లాగే ప్రలోభం, అనే ఒక్క అంశాన్నే తీసుకుని, దాన్ని వాక్యం వెలుగులో నింపాదిగా పరిశీలించి, ఇంటికి వెళ్లిన తరువాత దాన్ని ఎదిరించడానికి ఏం చేయాలో నేర్పే ప్రయత్నం అరుదు. హైదరాబాదు శివారులోని ఒక రిట్రీట్ హౌస్‌లో గురువారం సాయంత్రం మొదలై శనివారం సాయంత్రం ముగిసే ధ్యాన శిబిరం ఆ పనికే ఏర్పాటైంది. ఆదివారం ఎవరి సంఘానికి వారు చేరుకోవాలన్న ఉద్దేశంతో రోజులను అలా అమర్చారు. సంస్థ పేరు ఇక్కడ రాయడం లేదు. చిన్న గుంపుల్లో విన్నది బయటికి పోనివ్వబోమని మొదటి సాయంత్రమే అందరమూ మాట ఇచ్చాము. పేరు రాస్తే ఆ రోజుల్లో అక్కడ ఎవరెవరు ఉన్నారో పోల్చుకోవడం కష్టం కాదు. ఇలాంటి సేవలో పాల్గొనాలా వద్దా అని ఆలోచిస్తున్నవారికీ, తమ సంఘంలో ఇటువంటిది పెట్టాలనుకునే పాస్టరుగార్లకూ ఉపయోగపడాలని ఈ సమీక్ష రాస్తున్నాను.

వసతి గురించి ఎక్కువ చెప్పవలసింది లేదు. రుసుము 1,500 రూపాయలు. అంత కట్టలేనివారు తమకు వీలైనంత కవరులో పెట్టి ఇవ్వవచ్చు, ఆ కవరు మీద పేరు రాయనక్కరలేదు. గదికి ఇద్దరు, స్త్రీలకు వేరే భవనం, శుభ్రమైన పక్కలు, ఉదయం బకెట్టు వేడి నీళ్లు. శుక్రవారం ఉపవాసం. మధుమేహం ఉన్నవారికీ, మాత్రలు వేసుకునేవారికీ, గర్భిణులకూ ఉపవాసం వద్దని నమోదు కాగితం మీదనే అచ్చువేశారు. వారికోసం వంటగదిలో జావ, ఇడ్లీ సిద్ధంగా ఉంచారు. ఉపవాసం చేయలేకపోవడాన్ని విశ్వాస లోపంగా చూసే అలవాటు మన కూడికల్లో ఇంకా పోలేదు కాబట్టి ఈ చిన్న జాగ్రత్తను ప్రత్యేకంగా మెచ్చుకుంటున్నాను. సెల్‌ఫోన్లు ఆఫీసు గదిలో అప్పగించి టోకెన్ తీసుకోవాలి. ఇంటి నుండి అత్యవసరంగా కబురు వస్తే ఆఫీసులో ఉన్న అమ్మగారు స్వయంగా వచ్చి చెబుతారు.

మొదటి పాఠం మత్తయి సువార్త 4వ అధ్యాయం మీద జరిగింది. బోధించినవారు విశ్రాంత పాస్టరుగారు. మైకు ఉన్నా పక్కన పెట్టి, బల్ల ముందు కుర్చీ వేసుకుని మాట్లాడారు. ఆయన మొదట నిలబెట్టిన సంగతి ఒక్కటే: శోధింపబడడం పాపం కాదు. ప్రభువు మనవలెనే సమస్త విషయాల్లో శోధింపబడి కూడా పాపం లేనివాడుగా ఉన్నాడని హెబ్రీ పత్రిక 4:15 చెబుతూ ఉండగా, ఒక చెడు తలంపు వచ్చినంత మాత్రాన తాను రక్షణ కోల్పోయానని కుమిలిపోయే విశ్వాసి అపవాదికి, అంటే సాతానుకు, రెండో విజయం కూడా కట్టబెడుతున్నాడని ఆయన అన్నారు. ఈ మాట విన్నప్పుడు హాలులో చాలామంది ముఖాలు తేటపడడం చూశాను. చిన్నప్పటి నుండి ఆదివారపు బడిలో శోధన గురించి వింటూ పెరిగినవారికి కూడా ఈ తేడాను ఎవరో ఒకరు స్పష్టంగా చెప్పవలసిన అవసరం ఉంటుంది.

ఆ తరువాత ఆయన అరణ్యంలోని 3 శోధనలను విడివిడిగా తీసుకున్నారు. 40 దినాల ఉపవాసం తరువాత రొట్టె కావాలనిపించడంలో తప్పేమీ లేదు. ఆకలి దేవుడు పెట్టినదే. తండ్రి మీద ఆధారపడకుండా ఆ ఆకలిని తీర్చుకొమ్మనడంలోనే శోధన ఉంది. రెండో శోధనలో అపవాది 91వ కీర్తనను ఉదహరించాడు. అంటే వాక్యాన్ని నోటికి చెప్పగలగడం ఒక్కటే భద్రత కాదు. ప్రభువు ఇచ్చిన 3 జవాబులూ ద్వితీయోపదేశకాండం 6, 8 అధ్యాయాల్లోనివే; ఆకలిలోనూ దాహంలోనూ ఇశ్రాయేలీయులు తడబడిన చోటనే ఆయన నిలబడ్డాడని ఆ అధ్యాయాలను పూర్తిగా చదివితే గాని తెలియదు. అందుకే పాస్టరుగారు ఆ రాత్రి మాకు వేరే పని ఏదీ ఇవ్వలేదు, ఆ అధ్యాయాలు చదువుకుని పడుకొమ్మన్నారు. వాగ్దాన కార్డు మీద ఉన్న ఒక్క వచనాన్ని పదే పదే పలికితే శోధన పారిపోతుందని అనుకునే మనకు, ఆ వచనం పుట్టిన చోటికి వెళ్లి దాన్ని అర్థం చేసుకోవడం ఎంత బలాన్నిస్తుందో ఈ పద్ధతి చూపించింది. లూకా సువార్త 4:13 ప్రకారం అపవాది ప్రభువును కొంతకాలం మాత్రమే విడిచిపోయాడని కూడా ఆయన గుర్తుచేశారు. శిబిరం ముగిసేసరికి శోధనలన్నీ తీరిపోతాయని ఎవరైనా ఆశించి వచ్చి ఉంటే, ఆ ఆశను మొదటి రాత్రే సున్నితంగా సరిదిద్దినట్లయింది.

శుక్రవారం ఉదయం యాకోబు పత్రిక. ప్రతివాడు తన స్వకీయమైన దురాశచేత ఈడ్వబడి శోధింపబడునని 1:14లో యాకోబు రాసిన మాటను ఆధారం చేసుకుని, మనం సాతాను మీద వేసే నిందల్లో ఎన్ని నిజానికి మన సొంత ఇష్టాలో పరీక్షించుకొమ్మన్నారు. ఇందుకోసం ఒక కాగితం పంచారు. దాని మీద తేదీ, వేళ, ఒంటరిగా ఉన్నారా, అలసిపోయి ఉన్నారా, అంతకు ముందు ఎవరితోనైనా గొడవ జరిగిందా అనే గడులు ఉన్నాయి. గడచిన నెలలో తాము తడబడిన సందర్భాలను గుర్తుచేసుకుని ఆ గడులు నింపాలి. కాగితం ఎవరికీ చూపనక్కరలేదు. నా పక్కన కూర్చున్న ఒక పెద్దాయన అన్ని వరుసల్లోనూ రాత్రి 11 తరువాత అని రాసి, పెన్ను బల్ల మీద పెట్టి, చాలాసేపు ఆ కాగితాన్నే చూస్తూ ఉండిపోయారు. కారణాన్ని తేల్చడానికి ఆయనకు ఉపన్యాసం అవసరం కాలేదు.

ఇక్కడే పాస్టరుగారు నేటి శోధనల పేర్లను దాచకుండా చెప్పారు. ఫోనులోని అశ్లీల చిత్రాలు, ఆన్‌లైన్ రమ్మీ, క్రికెట్ బెట్టింగ్, అప్పు యాప్‌లు, సంఘంలో పదవి కోసం పాకులాట, కానుకల లెక్కల్లో చిన్న చిన్న మోసాలు. డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ రమ్మీని తెలంగాణ 2017లోనూ, ఆంధ్రప్రదేశ్ 2020లోనూ నిషేధించాయి. 2025లో కేంద్రం కూడా డబ్బుతో ఆడే ఆన్‌లైన్ ఆటలపై చట్టం చేసింది. అయినా ఆ ఊబిలో దిగినవారు మన సంఘాల్లో ఉన్నారు, వారిలో చాలామంది ప్రతి ఆదివారం ముందు వరుసలోనే కూర్చుంటారు. యోసేపు తనను వలలో వేయబోయిన పోతీఫరు భార్యతో వాదించి గెలవలేదనీ, తన వస్త్రాన్ని ఆమె చేతిలోనే విడిచి పారిపోయాడనీ ఆదికాండం 39 చెబుతున్న తీరును చూపి, కొన్ని శోధనల దగ్గర నిలబడి ప్రార్థించడం కన్నా అక్కడి నుండి లేచిపోవడమే విధేయత అని ఆయన అన్నారు. యాప్ తీసివేయడం, రాత్రి ఫోనును వేరే గదిలో పెట్టడం, జీతం పడిన రోజున భార్య చేతికి లెక్క ఇవ్వడం వంటివి ఆత్మీయత తక్కువైన పనులు కావని ఇంత సూటిగా చెప్పిన బోధకుడిని నేను అరుదుగా చూశాను.

మధ్యాహ్నానికి ముందు జరిగిన సంఘ చరిత్ర పాఠం కొందరికి బరువుగా అనిపించి ఉండవచ్చు గానీ నాకు చాలా నచ్చింది. ఐగుప్తు అరణ్యంలో జీవించి 399లో మరణించిన ఎవాగ్రియస్ అనే క్రైస్తవ సన్యాసి, మనిషిని పడగొట్టే తలంపులను 8గా గుర్తించాడు: తిండి మీద యావ, కామం, ధనాశ, దుఃఖం, కోపం, నిర్వేదం, కీర్తికాంక్ష, గర్వం. ఈ తలంపులు రావడం రాకపోవడం మన చేతిలో లేదనీ, అవి మనలో తిష్ఠవేయడం వేయకపోవడం మన చేతిలోనే ఉందనీ ఆయన రాశాడు. ప్రతి తలంపుకూ ఎదురు చెప్పడానికి లేఖనాల నుండి వచనాలను ఏరి ఒక గ్రంథంగా కూర్చాడు. అరణ్యంలో ప్రభువు చేసిన దానినే ఆయన ఒక సాధనగా మలిచాడన్నమాట. నిర్వేదం గురించి చెప్పినప్పుడు హాలులో కదలిక వచ్చింది. మధ్యాహ్నపు వేళ ఎండ కదలనట్టు అనిపించి, చేసే పని మీద, ఉన్న చోటు మీద, తోటి సహోదరుల మీద విసుగు పుట్టి, ఎక్కడికైనా వెళ్లిపోవాలనిపించే ఆ స్థితిని 1,600 ఏళ్ల కిందటి సన్యాసి వర్ణించిన తీరులో సాఫ్ట్‌వేర్ ఉద్యోగులూ గృహిణులూ కూడా తమను చూసుకున్నారు. మన ప్రసంగాల్లో కామం, మద్యం గురించి వినిపించినంతగా దుఃఖం, నిర్వేదం, కీర్తికాంక్షలు వినిపించవు. సేవ చేస్తున్నవారిని ఎక్కువగా పడగొట్టేది చివరి రెండే కాబట్టి, ఈ పాఠాన్ని పాస్టర్ల సదస్సుల్లో కూడా చెప్పించాలని నా అభిప్రాయం.

ఈ శిబిరానికి విలువ తెచ్చింది మాత్రం శుక్రవారం మధ్యాహ్నం, శనివారం ఉదయం జరిగిన చిన్న గుంపులే. గుంపుకు ఐదారుగురు; పురుషులకు పురుషులే, స్త్రీలకు స్త్రీలే నాయకత్వం వహిస్తారు. పద్ధతి కొత్తది కాదు. మెథడిస్టు ఉద్యమాన్ని ప్రారంభించిన జాన్ వెస్లీ 1738 డిసెంబరు 25న తన చిన్న సహవాసాలకు నియమాలు రాశాడు. ఆ నియమాల ప్రకారం సభ్యులు వారానికి ఒకసారి కలిసినప్పుడు ఒకరినొకరు కొన్ని ప్రశ్నలు అడగాలి: కిందటిసారి కలిసిన తరువాత తెలిసి చేసిన పాపాలేమిటి, ఏ శోధనలు ఎదురయ్యాయి, వాటి నుండి ఎలా విడుదల పొందారు, పాపమో కాదో తేలని తలంపు గాని మాట గాని పని గాని ఏమైనా ఉందా. యాకోబు 5:16లో మీ పాపములను ఒకనితోనొకడు ఒప్పుకొనుడి అన్న ఆజ్ఞను వారం వారం చేసే పనిగా మార్చిన ప్రశ్నలు ఇవి. మెదక్ ప్రాంతంలో సువార్త నాటింది వెస్లీ సంప్రదాయానికి చెందిన మిషనరీలే. వారు వేసిన పునాది మీద నేడు నిలిచి ఉన్న సంఘాల్లో కూడా ఈ ప్రశ్నలు ఎవరూ ఎవరినీ అడగడం లేదన్నది ఆలోచించవలసిన విషయం.

గుంపులో ఎవరు ఏం చెప్పారో రాయను. జరిగిన తీరు మాత్రం చెబుతాను. మా గుంపు పెద్ద ప్రశ్న చదివి, మొదట తానే జవాబు చెప్పారు. అదీ గతంలో జయించిన శోధన గురించి కాక ఆ వారంలో తనను వేధిస్తున్న దాని గురించి. అంతటితో మిగిలినవారికి దారి దొరికింది. ఒకరు చెబుతూ ఉండగా మరొకరు వచనం అందుకుని ఓదార్చబోతే, ఆయన చేయెత్తి, బ్రదర్ ముగించనివ్వండి అన్నారు. సలహా ఇవ్వకూడదు, ఆశ్చర్యపోకూడదు, చెప్పింది చిన్న విషయమని తేలికచేయకూడదు అన్నవి ఆ గుంపుకు ఆయన పెట్టిన నియమాలు. చెప్పడం అయిపోయాక ఒక్కటే అడిగేవారు: ఈ వారం మీకోసం ఏమని ప్రార్థించమంటారు? ఆ ప్రార్థన కూడా క్లుప్తంగా, పేరుపెట్టి, ఆ ఒక్క విషయం గురించే చేశారు.

మన సంఘాల్లో సాక్ష్యం చెప్పేటప్పుడు పోరాటం ఎప్పుడూ ముగిసిన కథే. ఒకప్పుడు తాగేవాడిని, ఒకప్పుడు అబద్ధాలాడేదాన్ని, ఇప్పుడు ప్రభువు విడిపించాడు అని చెప్పుకుంటాము. అది నిజమే, అందుకు దేవునికి స్తోత్రం. కానీ ఇప్పుడు పోరాడుతున్నానని చెప్పడానికి ఆదివారపు ఆరాధనలో చోటు లేదు, గృహ ప్రార్థనలో చోటు లేదు, పాస్టరుగారి దగ్గర చెబితే ఆ మాట ఎంత దూరం పోతుందోనన్న భయం. చోటు దొరకని పోరాటం రహస్యంగానే మిగులుతుంది, రహస్యంగా ఉన్నంతకాలం బలపడుతుంది. ‘ఆధ్యాత్మిక సాధనలు’ అనే తన గ్రంథానికి 1548లో పోపు ఆమోదం పొందిన ఇగ్నేషియస్ లయోలా, శత్రువు దొంగ ప్రేమికుడి వంటివాడనీ, తన మాటలు తాను వల వేసిన అమ్మాయి తండ్రికో భర్తకో తెలియకూడదని కోరుకుంటాడనీ, తెలిసిపోతే అతని పన్నాగం పారదనీ రాశాడు. శనివారం ఉదయం ఈ మాట చెప్పినప్పుడు, ప్రొటెస్టెంట్ కూడికలో కథోలిక పునీతుడి పేరు ఎందుకని ఒకరిద్దరు ముఖం చిట్లించారు. సత్యం ఎవరి నోట వచ్చినా సత్యమేనని పాస్టరుగారు నెమ్మదిగా జవాబిచ్చి ముందుకు సాగారు. ఆయన చూపిన ఆ నిబ్బరం నాకు సంతోషం కలిగించింది.

లోపాల విషయానికి వస్తే, శుక్రవారం రాత్రి జరిగిన విమోచన ప్రార్థన ఈ శిబిరానికి ఏ మాత్రం పొసగలేదు. బయటి నుండి వచ్చిన ప్రసంగీకుడు, పగలంతా మేము నేర్చుకున్న దాన్ని పక్కకు నెట్టి, వ్యసనానికి ఒక ఆత్మ, అప్పుకు ఒక ఆత్మ, నిద్ర పట్టకపోవడానికి ఒక ఆత్మ అంటూ పేర్లు పెట్టి గద్దించారు. స్పీకర్లు హోరెత్తాయి. ఉపవాసంతో నీరసించినవారు కొందరు కింద పడ్డారు. దాన్ని కార్యం జరిగినట్టు లెక్కవేశారు. దురాత్మలు లేవని నేను అనడం లేదు. మన పోరాటం రక్తమాంసాలతో కాదని ఎఫెసీ పత్రిక 6వ అధ్యాయంలో పౌలు రాశాడు, గర్జించు సింహం వలె అపవాది తిరుగుతున్నాడని పేతురు రాశాడు. నేను ఆ మాటలను అక్షరాలా నమ్ముతాను. అయితే అదే ఎఫెసీ పత్రికలో పౌలు చెప్పిన సర్వాంగ కవచం సత్యం, నీతి, సువార్తవలన కలిగే సిద్ధమనస్సు, విశ్వాసం, రక్షణ, వాక్యం. వీటన్నిటినీ మెలకువగా ఉండి, ప్రార్థిస్తూ, ప్రతిరోజూ ధరించాలి. ఒక రాత్రి ఎవరో చేయి వేసి గద్దిస్తే ఆ పని పూర్తవుతుందని చెప్పడం, ఉదయం కాగితం మీద రాత్రి 11 అని రాసుకున్న పెద్దాయనకు ఏ మేలూ చేయదు. ఫోనును వేరే గదిలో పెట్టవలసిన మనిషి, ఆత్మ వెళ్లిపోయిందనుకుని దాన్ని తలగడ పక్కనే పెట్టుకుంటాడు.

అంతకన్నా ప్రమాదకరమైనది మరొకటి ఉంది. దిగులు, భయం, నిద్రలేమికి మాత్రలు వాడేవారు విశ్వాసంతో వాటిని విడిచిపెట్టాలన్న అర్థం వచ్చే మాట ఆ రాత్రి వేదిక మీద నుండి వినిపించింది. వైద్యుడిని అడగకుండా అలాంటి మాత్రలు ఒక్కసారిగా ఆపితే మనిషి స్థితి విషమించవచ్చు. నిర్వాహకులు దీన్ని గ్రహించినట్టున్నారు, ఎందుకంటే మరునాడు ఉదయం పాస్టరుగారు అనుకున్న పాఠాన్ని కొంత పక్కన పెట్టి రాజుల మొదటి గ్రంథం 19వ అధ్యాయం తెరిచారు. కర్మెలు కొండ మీద అంత గొప్ప విజయం చూసిన ఏలీయా ప్రవక్త బదరీవృక్షం కింద కూర్చుని, నా ప్రాణం తీసుకొమ్మని దేవుణ్ణి అడిగాడు. దేవుడు అతణ్ణి గద్దించలేదు, అతనిలో దురాత్మ ఉందనలేదు. దూత అతణ్ణి తట్టి లేపి, నిప్పుల మీద కాల్చిన అప్పమూ నీళ్లూ ఇచ్చి, మళ్లీ నిద్రపోనిచ్చి, మళ్లీ లేపి తినమన్నాడు. మాట్లాడడం ఆ తరువాతే. అలసిపోయిన దేహానికి అన్నం, నిద్ర, మందు ఇవ్వడం దేవుని పనేననీ, డాక్టరు రాసిన మాత్రలు ఎవరూ మానకూడదనీ ఆయన తేటగా చెప్పారు. రాత్రి మాట తప్పు అని మాత్రం అనలేదు. అది అనవలసింది. వేదిక మీద చెప్పిన పొరపాటును అదే వేదిక మీద దిద్దకపోతే, ఉదయం పాఠానికి ఆలస్యంగా వచ్చినవారు రాత్రి మాటనే ఇంటికి పట్టుకువెళతారు. కేంద్ర ప్రభుత్వం 2022 అక్టోబరు 10న ప్రారంభించిన టెలీ మానస్ అనే మానసిక ఆరోగ్య సేవకు 14416 నంబరుకు ఉచితంగా ఫోను చేసి తెలుగులో మాట్లాడవచ్చు. ఆ నంబరును ఆఫీసు గది గోడ మీద అతికించడానికి ఒక్క కాగితం చాలు. వచ్చే ఏడాదికైనా ఆ పని చేయాలని నిర్వాహకులకు రాసి ఇచ్చాను. తాగుడు విషయంలో కూడా అంతే. ప్రార్థనతో పాటు, తాగుడు మానాలనుకునేవారు ఒకరికొకరు తోడుగా కలుసుకునే ఆల్కహాలిక్స్ అనానిమస్ సమావేశాలకు వెళ్లమని చెప్పడం విశ్వాసాన్ని తగ్గించుకోవడం కాదు.

శనివారం ఉదయం ఏలీయా తరువాత మిగిలిన సమయంలో, దేవుడు మౌనంగా ఉన్నట్టు అనిపించే రోజుల గురించి చెప్పారు. 88వ కీర్తన మొదటి నుండి చివరి వరకు మొరపెట్టి, ఓదార్పు లేకుండా చీకటిలోనే ముగుస్తుంది. అయినా అది ప్రార్థనగానే బైబిలులో నిలిచింది. మనసు పొడిబారిన రోజుల్లో, తేటగా ఉన్నప్పుడు చేసిన తీర్మానాలను మార్చుకోకూడదనీ, అటువంటప్పుడు ప్రార్థనను తగ్గించక ఇంకొంచెం పొడిగించాలనీ ఇగ్నేషియస్ ఇచ్చిన సలహా నాకు ఆ రోజుల్లో దొరికిన అతి పనికివచ్చే మాట. సంఘం మారిపోవాలని, సేవ మానేయాలని, పెళ్లి సంబంధం తెంచుకోవాలని అనిపించేది సాధారణంగా అలాంటి రోజుల్లోనే.

పడిపోయిన తరువాత ఏం చేయాలన్న పాఠాన్ని శనివారం చివరి అరగంటకు నెట్టడం ఈ కార్యక్రమంలో నేను చూసిన రెండో పెద్ద లోపం. అప్పటికి సగం మంది సంచులు సర్దుకుంటున్నారు, బస్సు వేళల గురించి గుసగుసలు మొదలయ్యాయి. శోధనను ఎదిరించడం గురించి అన్ని గంటలు బోధించి, ఓడిపోయినవాడు తిరిగి ఎలా లేవాలో అంత హడావుడిగా చెప్పడం సరికాదు. ఆ అరగంటలో చెప్పింది మాత్రం విలువైనదే. సాతాను మిమ్మును గోధుమలవలె జల్లించుటకు కోరుకొన్నాడని లూకా 22లో ప్రభువు పేతురుతో ముందే చెప్పాడు. నువ్వు పడిపోవని చెప్పలేదు. నీ నమ్మిక తప్పిపోకుండా నీకోసం వేడుకున్నానని, తిరిగినప్పుడు నీ సహోదరులను స్థిరపరచమని చెప్పాడు. పేతురు ప్రభువును ఎరగనన్నది నిప్పుల దగ్గర. యోహాను 21లో ప్రభువు అతణ్ణి తిరిగి పిలిచింది కూడా నిప్పుల దగ్గరే, 3 సార్లు అడిగి. ప్రభువును అప్పగించిన యూదా కూడా పశ్చాత్తాపపడ్డాడు, డబ్బు తిరిగి ఇచ్చేశాడు, కానీ ఒంటరిగా వెళ్లిపోయాడు. పేతురు మాత్రం మిగిలిన శిష్యులతో కలిసి ఉన్నాడు, అందుకే చేపలు పట్టడానికి పోతున్నానన్నప్పుడు వారు కూడా వస్తామన్నారు. దీన్ని వినిపించడానికి ఒక పూట కేటాయించి ఉంటే, శుక్రవారం రాత్రి కార్యక్రమాన్ని అందుకోసం తీసివేసినా నష్టం ఉండేది కాదు.

తరువాతి సంరక్షణ విషయంలో నా అసంతృప్తి ఇంకా మిగిలే ఉంది. శిబిరం ముగిశాక అందరినీ ఒక వాట్సాప్ గ్రూపులో చేర్చారు. కొద్ది వారాల్లోనే అది ఉదయపు వాగ్దాన చిత్రాలతో, పుట్టినరోజు శుభాకాంక్షలతో, ఇతర కూడికల పోస్టర్లతో నిండిపోయింది. నా గుంపులోని ఎవరూ అందులో ఒక్క నిజమైన మాట రాయలేదు, అంతమంది చూస్తూ ఉంటే రాయలేరు కూడా. వెస్లీ ప్రశ్నలు వారం వారం అడగడానికి పుట్టినవి, ఏడాదికి ఒకసారి అడిగితే వాటి పని అవి చేయలేవు. నమోదు సమయంలోనే ఊరు, పేట రాయించుకుంటున్నారు కాబట్టి, దగ్గర దగ్గర ఉన్న ముగ్గురు నలుగురిని ఒక గుంపుగా కలిపి, వారు నెలకు రెండుసార్లయినా కలుసుకునేలా చేయడం కష్టమేమీ కాదు. గల్ఫ్‌లో పనిచేస్తున్న మన తెలుగు సహోదరీ సహోదరులకోసం శుక్రవారం నాడు ఫోను ద్వారా ఒక చిన్న గుంపు నడుపుతున్నారని తెలిసింది. అక్కడ చాలా దేశాల్లో శుక్రవారం వారపు సెలవు. ఇంటికి దూరంగా, ఒంటరిగా, గదిలో ఒక్క ఫోనే తోడుగా ఉన్నవారికి అది పెద్ద ఆసరా. దూరాన ఉన్నవారికి చేయగలిగిన పని దగ్గర ఉన్నవారికి చేయకపోవడం నాకు అర్థం కాలేదు.

ఎవరు వెళ్లవచ్చు అని అడిగేవారికి నా జవాబు ఇది. చాలాకాలంగా ఒకే శోధనతో పెనుగులాడుతూ, ఎవరితోనూ చెప్పుకోలేక, ప్రతి ఆదివారం మరింత గట్టిగా పాడుతూ దాన్ని కప్పిపుచ్చుకుంటున్నవారు తప్పక వెళ్లాలి. యవ్వనస్థుల నాయకులు, పెద్దలు, పాస్టరుగార్లు వెళ్లి ఆ చిన్న గుంపుల పద్ధతిని నేర్చుకుని తమ సంఘంలో మొదలుపెట్టాలి. అందుకోసమే వెళ్లినా ప్రయాణం వృథా కాదు. తీవ్రమైన దిగులుతో బాధపడుతున్నవారు, చనిపోవాలన్న తలంపులు వస్తున్నవారు ముందు వైద్యుణ్ణి కలిసి, ఆయనతో చెప్పి, తోడుగా ఒకరిని తీసుకుని మాత్రమే వెళ్లాలి, శుక్రవారం రాత్రి కార్యక్రమానికి పోకుండా గదిలో ఉండిపోవచ్చు. హాజరు తప్పనిసరి కాదు. ఆ సంగతి వేదిక మీద ఎవరూ చెప్పరు గానీ ఆఫీసులో అడిగితే చెబుతారు. పల్లెటూళ్ల నుండి వచ్చేవారు శనివారం సాయంత్రం బస్సు ముందుగా ఖాయం చేసుకోకుండా, వీలైతే ఆ రాత్రి కూడా అక్కడే ఉండేలా చూసుకోవాలి, ఆదివారం ఉదయం బయలుదేరినా చాలామందికి తమ సంఘంలో సాయంత్రపు ఆరాధన అందుతుంది. నమోదుకు ఫోను చేసినప్పుడు, మీ పేటవారు ఇంకెవరైనా వస్తున్నారా అని నిర్వాహకులను అడగండి. ఉంటే, వారి అనుమతితో, వెళ్లేముందే ఒకసారి పలకరించి పెట్టుకోండి.